ఏడు మూలల నాణెం

పంతొమ్మిది వందల తొంభై ఏడు, అక్టోబరు. సోమవారం ఉదయం పదీ ఇరవై. మధ్యాహ్నం రెండు గంటలకి శరత్‌ని కోర్టులో నిలబెడతారు. ఆ లోపల ప్రైవేటు డిటెక్టివ్ సదాశివరావు చేతిలో ఏదో ఒక ఆధారం ఉండాలి. ప్రస్తుతానికి చిన్న నోటు పుస్తకం తప్ప ఇంకేమీ లేదు.

ఢిల్లీ జియా సరాయ్‌లోని ఆ ఇంటి ముందుగదిలో అతనికి ఎదురుగా సుభద్ర కూర్చుంది. శనివారం, సరిగ్గా దసరా రోజున, ఈ గదిలోనే ఆమె భర్త శేషగిరి చనిపోయాడు. ఎవరో బలంగా తోశారు. ఇనప బీరువా మూల కణతకి తగిలింది. మేడమీద గదిలో రెండేళ్ళుగా అద్దెకుంటున్న శరత్‌ని పోలీసులు ఆ రాత్రే పట్టుకుపోయి, అరెస్టు మాత్రం ఆదివారం సాయంత్రం చూపించారు. శరత్ వయసు ఇరవై ఆరు, నోయిడాలో కంప్యూటర్ ఉద్యోగం. అతనికి తల్లీ తండ్రీ లేరు. బాపట్లలో తొమ్మిదో ఏటి నుంచి పెంచింది అక్క అన్నపూర్ణేశ్వరే. ఆమె భర్త సత్తయ్య కంటోన్మెంట్‌లో హవల్దారు. ఆదివారం పొద్దున్నే ఆమె సదాశివరావు ఇంటికొచ్చి, గుమ్మంలోనే నిలబడి, "వాడు చీమని కూడా తొక్కడు బాబాయిగారూ" అంది. అంతకు మించి ఆమె దగ్గరా ఆధారం లేదు.

"టైములు ఇంకొక్కసారి చెప్పమ్మా. విసుక్కోకు."

"పోలీసులకి నాలుగుసార్లు చెప్పాను అన్నయ్యగారూ, మీకు అయిదోసారి. రెండూ యాభైకి బయల్దేరాను. ఆర్కే పురంలో బొమ్మల కొలువు పేరంటం. నాలుగూ ఇరవైకి తిరిగొచ్చాను. తలుపు దగ్గరగా వేసుంది. ఆయన ఇదిగో ఇక్కడ, బీరువా పక్కన పడున్నారు. 'కటిక నేల మీద పడుకున్నారేంటి, చాప వేసుకోవచ్చుగా' అన్నాను. పైకే అన్నానండీ."

సదాశివరావు రాసుకోవడం ఆపి, ఆమె కళ్ళు తుడుచుకునేదాకా నేల వైపు చూస్తూ కూర్చున్నాడు. మూడున్నరకీ నాలుగూ పదికీ మధ్య ప్రాణం పోయిందని డాక్టరు రాశాడు.

"నువ్వు వెళ్ళేటప్పుడు ఆయన లోపల గడియ వేసుకున్నారా?"

"లేదండీ. పండగ కదా, ఎవరైనా వస్తారు తెరిచే ఉంచు అన్నారు."

"శుక్రవారం శరత్‌తో ఆయన గొడవపడ్డారటగా?"

సుభద్ర బల్ల వైపు చూపించింది. దాని మీద దుప్పటి కప్పిన కంప్యూటర్ ఉంది. "దాని గురించేనండీ. ఆగస్టులో శరతే తెచ్చిపెట్టాడు, తెలిసినవాళ్ళ దగ్గర పాతది దొరికిందని. ఈయన నాణేల వివరాలన్నీ అందులోకి ఎక్కిస్తుండేవారు. నవమి పొద్దున శరత్ కిందికొచ్చి, 'అంకుల్, ఆయుధ పూజకి కంప్యూటర్ బొమ్మ ఉన్న నాణెం ఒకటి ఇవ్వండి, రేపు ఇచ్చేస్తాను' అన్నాడు. నేను వంటింట్లో ఉన్నాను. తాళాలు అడిగి తీసుకున్నారు, ఇచ్చినట్టున్నారు. సాయంత్రానికి ఈయనకి ఏం తోచిందో, వాణ్ణి పిలిచి, 'నువ్వు తెచ్చిన కంప్యూటరే ఇక్కడుండగా బొమ్మకి పూజెందుకు చేశావు? ఇది ఎక్కడిది, నిజం చెప్పు' అన్నారు. వాడు ఒకటే మాట. 'నన్నడక్కండి అంకుల్.' ఈయన గట్టిగా అరిచారు. నా పెళ్ళయ్యాక అలా అరవడం నేను వినలేదు."

"తర్వాత?"

"తర్వాతేముందండీ. ఈయన అన్నం తినలేదు. వాడూ పైన లైటు వెయ్యలేదు."

సదాశివరావు లేచి దుప్పటి తీశాడు. కంప్యూటర్ పెట్టె వెనకవైపు, కుడి అంచున, అరచేయంత మేర రంగు గీకేసి ఉంది. ఆకురాయితో ఓపిగ్గా గీకారు. గీకిన చోట ఒక మూల తెల్ల రంగుతో రాసిన అంకె తాలూకు తోక మిగిలింది. సర్కారు సామానుకి నంబరు ఎక్కడ వేస్తారో, ఏ బ్రష్షుతో వేస్తారో అతనికి తెలుసు. సైన్యంలో ఇరవై నాలుగేళ్ళు చేసి సుబేదారుగా రిటైరైన మనిషి. దుప్పటి మళ్ళీ కప్పేశాడు.

ఇది దొంగ సామాను. శేషగిరికి శుక్రవారం ఆ అనుమానం వచ్చింది. శరత్‌కి ముందే తెలుసు. ఇదంతా కోర్టులో చెబితే శరత్ మెడకి ఇంకో ఉచ్చు తగులుకోవడమే తప్ప ఒరిగేదేమీ లేదు.

పదీ యాభైకి గుమ్మం ముందు జీపు ఆగింది. ఇన్‌స్పెక్టర్ మల్లికార్జున, ఆల్బం పట్టుకున్న ఒక కానిస్టేబుల్‌తో లోపలికొచ్చాడు. అతని తండ్రి సైన్యంలో సదాశివరావు కింద నాయక్‌గా పనిచేశాడు. కొడుకు పుట్టిందీ పెరిగిందీ ఢిల్లీలోనే. తెలుగు వస్తుంది, ఇష్టమైనప్పుడు.

"నమస్తే అంకుల్! మీరింకా రిటైర్ అవ్వలేదా? మీ పేరు చెప్పి మా నాన్న నాతో సెల్యూట్ కొట్టించేవాడు. ఇప్పుడేమో నా కేసులోకొచ్చి సోఫాలో కూర్చున్నారు."

"కుర్చీలోనే కూర్చున్నాను బాబూ. సోఫా నీకే వదిలాను."

"అచ్ఛా, మజాక్ బంద్. నేనొచ్చింది మ్యాచింగ్‌కి. ఈ మేడమ్ ముందర కాయిన్ ఆల్బంలో పెట్టి చూపిస్తాను, సంతకం తీసుకుంటాను, బస్. చోరీ పక్కా, మర్డర్ పక్కా."

కానిస్టేబుల్ ఆల్బంని బల్ల మీద తెరిచాడు. శేషగిరి పాతికేళ్ళ పని అది. అందరిలా రాజుల నాణేలూ దేవుళ్ళ నాణేలూ కాకుండా, యంత్రాల బొమ్మలున్న నాణేలే కూడబెట్టాడు. ఒకదాని మీద రైలింజను, ఒకదాని మీద ఉపగ్రహం, ఒకదాని మీద టెలిఫోను. చివరి పేజీ కంప్యూటర్లది. దళసరి అట్టలో ఒక్కో నాణేనికి సరిపడా గడిని బ్లేడుతో తనే కోసుకుని, పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం అంటించి, కింద రెండు ముక్కలు రాసుకునేవాడు. ఆ పేజీలో ఒక్క గడి ఖాళీగా ఉంది.

మల్లికార్జున కవరులోంచి నాణెం తీశాడు. ఇంగ్లండు పక్కన సముద్రంలో ఉన్న ఒక చిన్న దీవిది. ఏడు మూలలు. ఒకవైపు రాణి తల, రెండోవైపు తెరా, మీటల పలకా ఉన్న బుల్లి కంప్యూటర్. తెర మీద ఎర్రటి మరక.

"పైన శరత్ గదిలో, దుర్గా మాత ఫోటో కింద దొరికింది. చూడండి అంకుల్, ఖూన్. బుడ్డాయన్ని కొట్టి, చేతికి అంటిన రక్తంతోనే దేవుడి దగ్గర పెట్టాడు."

"రక్తమని ఎవరన్నారు?"

"ల్యాబ్‌కి ఇవాళ పంపుతాను. కళ్ళు లేవా నాకు? వాడి కహానీ వినండి. పూజకి తీసుకున్నాడట. కంప్యూటర్ బొమ్మకి పూజ! హద్ హై. మిషన్ల పూజ విశ్వకర్మ రోజు అంకుల్, సెప్టెంబర్‌లో. అయిపోయి నెలవుతోంది. ఫ్యాక్టరీలన్నీ చేశాయి, మా థానా జీపుకి కూడా చేశాం. దసరాకి రావణ్ కాలుస్తారు. అబద్ధం చెప్పడానికి కూడా అకల్ ఉండాలి."

"మీ అమ్మ నవమి నాడు కత్తిపీటకి బొట్టు పెట్టేది కాదా?"

"నా నాలుగో ఏట అమ్మ పోయింది అంకుల్. నన్ను క్వార్టర్స్ లైన్లో ఉన్న పంజాబీ ఆంటీలు పెంచారు."

ఆ మాట అడిగినందుకు సదాశివరావు మనసు చివుక్కుమంది. గొంతు తగ్గించి చెప్పాడు. "మన వైపు నవమికి ఎవరి పనిముట్టుకి వాళ్ళు పూజ చేసుకుంటారు బాబూ. కంసాలి సుత్తికి, డ్రైవరు బండికి. శరత్ పనిముట్టు ఆఫీసులో ఉంది, ఇంటికి తెచ్చుకునేది కాదు. దాని బొమ్మైనా చాలనుకున్నాడు. సుభద్రమ్మా, నిమ్మకాయ ఉందా?"

సుభద్ర తెచ్చింది. సదాశివరావు తెల్లకాగితం పరిచి, నాణెం మీద మరకని గోటితో గీరితే ఇసకరేణువంత ఎర్రపొడి రాలింది. మల్లికార్జున చెయ్యి పట్టుకున్నాడు.

"అంకుల్! అది నా ఎవిడెన్స్."

"ముప్పావు భాగం నీకే ఉంచాను. చూడు."

ఒక్క చుక్క నిమ్మరసం పిండాడు. ఎర్రపొడి చూస్తూండగానే పచ్చబడింది. కాగితం మీద పసుపు మరక మిగిలింది.

"పసుపులో సున్నం కలిపితే కుంకుమ. పులుపు తగిలితే మళ్ళీ పసుపవుతుంది. రక్తం నిమ్మరసానికి పచ్చబడదు. అక్క బాపట్ల నుంచి తెప్పించిన కుంకుమ ఇది. ఇక్కడి సింధూరమైతే ఇలా మారదు."

"ఇది కిచెన్, ల్యాబ్ కాదు."

"సరే, ల్యాబ్‌కే పంపు. ఈలోపు నువ్వొచ్చిన పని కానీ. నాణెం గడిలో పెట్టు."

మల్లికార్జున పెట్టాడు. నాణెం గడి మీద మూతలా కూర్చుంది. తిప్పి పెట్టాడు, బొటనవేలితో నొక్కాడు. దిగలేదు. కానిస్టేబుల్ దగ్గరికొచ్చి వంగి చూశాడు.

"గడి కింద ఏం రాసుందో చదువు," అన్నాడు సదాశివరావు.

తెలుగు చదవడం రాని ఇన్‌స్పెక్టర్ సుభద్ర వైపు చూశాడు. ఆమె కళ్ళజోడు సర్దుకుని చదివింది. "తొంభై ఏడు, కొత్త సైజు."

"పక్క గడి కింద?"

"తొంభై, పాత సైజు. అది ఉందండీ, గడిలోనే."

"ఆ దీవి వాళ్ళు ఈ ఏడాది నాణెం చిన్నది చేశారు. నీ చేతిలోది పాతది, పెద్దది. తొంభై అని దాని మీదే ఉంది, చదువు. ఆల్బంలోంచి పోయింది ఇది కాదు. ఇది ఆయన దగ్గర రెండోది. రెండోవన్నీ ఎక్కడ పెట్టేవారమ్మా?"

"బిస్కట్ డబ్బాలో పోసి ఈ బీరువాలో. తాళాలు నా దగ్గరే ఉంటాయి. అందుకే నవమి నాడు అడిగారు."

"విన్నావుగా. తాళం తీసి తన చేత్తో ఇచ్చాడు. చోరీ లేదు."

మల్లికార్జున నాణేన్ని కవరులో వేసి, కవరు మడతని రెండుసార్లు నొక్కాడు. మొహంలో వెటకారం పోయింది గానీ పట్టు పోలేదు.

"ఠీక్ హై. ఇది వేరే కాయిన్. మరి చిన్నది ఎక్కడ? అది కూడా మీవాడే తీసి పారేసి ఉంటాడు. జగడా జరిగింది. టైముకి వాడు పైనే ఉన్నాడు. కంప్యూటర్ ఎక్కడిదంటే నోరు తెరవడు. మెజిస్ట్రేట్‌కి ఇంతకంటే ఏం కావాలి? రెండింటి లోపు ఆ చిన్న కాయిన్ తెచ్చి నా చేతిలో పెట్టండి. ఎవడి దగ్గర దొరికిందో వాడి పేరు కూడా చెప్పండి. తప్పు నాదని నేనే కోర్టులో ఒప్పుకుంటాను. వాదా, మాటిస్తున్నాను. లేకపోతే వాడు తిహార్‌కి పోతాడు, మీరు ఇంటికి పోయి పూజ చేసుకోండి."

"తప్పు ఒప్పుకుంటానన్నావు చూడు, ఆ మాట మీ నాన్నది."

"మా నాన్న నాయక్‌గానే రిటైర్ అయ్యాడు అంకుల్," అని జీపెక్కాడు. పదకొండూ ముప్పై అయిదు.

సదాశివరావు ఆల్బం ముందు చాలాసేపు కూర్చున్నాడు. ఖాళీ గడి మీది ప్లాస్టిక్ కాగితాన్ని మూడు వైపులా సన్నటి బ్లేడుతో కోసి, నాలుగో వైపు మడిచిపెట్టారు. దొంగైతే చించుతాడు. ఇంత శుభ్రంగా తెరిచేది ఆ గడి కోసినవాడే. అంటే శేషగిరే తీశాడు. ఎవరికో చూపించడానికా? చూపించడానికైతే పైన కాగితం ఉంటేనేం? చేతికి ఇవ్వడానికే తీసి ఉండాలి.

"అమ్మా, ఆల్బంలోది ఎవరికైనా ఇచ్చేవారా?"

"ప్రాణం పోయినా ఇవ్వరు. ఎవరికైనా ఇవ్వాలంటే డబ్బాలోది ఇచ్చేవారు."

"శనివారం బీరువా తాళం?"

"నా హ్యాండ్‌బ్యాగులో. పేరంటంలో..." సుభద్ర ఆగిపోయింది. "అంటే తాళం లేక ఆల్బంలోది తీశారంటారా? అంత అవసరం ఎవరికండీ?"

సదాశివరావు లేచాడు. నేల మీద మోకాళ్ళూని బీరువా కిందికి చూశాడు. అడుగున నాలుగు వేళ్ళ సందు. టార్చి వేశాడు. దుమ్ము, ఒక పెన్ను మూత, గోడవారగా సన్నటి ఆకుల రెమ్మ. పేరంటంలో ఇచ్చిన తమలపాకు కాదు, తులసి కాదు. చింతాకులా చిన్న చిన్న ఆకులు, రెమ్మకి ముల్లు. రెండు రోజులకి ఎండింది గానీ ఇంకా ఆకుపచ్చదనం పోలేదు. చీపురుపుల్లతో లాగి అరచేతిలో పెట్టుకున్నాడు.

"జమ్మి," అంది సుభద్ర. "ఇది మా ఇంట్లోకి ఎలా వచ్చింది? మాది బందరు. మేం జమ్మి చెట్టుకి పూజ చేస్తాం గానీ ఇంటికి తెచ్చి ఒకళ్ళకొకళ్ళు ఇచ్చుకోవడం లేదండీ. అది తెలంగాణా వాళ్ళది. ఈయన హైదరాబాదులో ఉద్యోగం చేసినన్నాళ్ళూ దసరా సాయంత్రం కుర్రాళ్ళు వచ్చి, 'బంగారం' అని చేతిలో జమ్మి పెట్టి కాళ్ళకి దణ్ణం పెట్టేవారు. బంగారం పెట్టినవాణ్ణి ఖాళీ చేత్తో పంపకూడదని ఈయన తలా ఒక నాణెం..."

ఆమె ఆల్బంలోని ఖాళీ గడి వైపు చూసింది.

సదాశివరావు కళ్ళు మూసుకున్నాడు. ఇప్పుడంతా కనిపిస్తోంది. మూడున్నర దాటాక ఒక మనిషి వచ్చాడు. బహుశా శేషగిరే రమ్మని కబురు చేసి ఉంటాడు. వచ్చినవాడు ముందు పండగ మర్యాద చేశాడు. జమ్మి చేతిలో పెట్టి వంగాడు. శేషగిరికి ఎంత కోపం ఉన్నా, పండగ పూట కాళ్ళ మీద పడినవాణ్ణి ఉత్తచేత్తో లేపలేడు. డబ్బా ఉన్న బీరువాకి తాళం వేసి ఉంది. ఆల్బంలోంచి తీసి ఇచ్చాడు. అన్నిట్లో కంప్యూటర్‌దే ఎందుకు తీశాడు? ఆ నాణెం అరచేతిలో పెట్టి, ఇక అసలు సంగతి చెప్పు అని ఉంటాడు. ముందు ఆశీర్వదించి, తర్వాత అడిగాడు.

దీవించిన చెయ్యి ఇంకా కిందికి దిగకముందే ఆ మనిషి తోశాడా? భగవంతుడు ఆ క్షణంలో ఎవరి వైపు చూస్తున్నాడో సదాశివరావుకి అర్థం కాలేదు.

జమ్మిని బంగారమని ఇచ్చే వైపు నుంచి వచ్చినవాడు. సర్కారు సామాను చేతికందే చోట ఉన్నవాడు. పేరు చెబితే శరత్ గుండె తరుక్కుపోయేంత దగ్గరివాడు. తన మనసుకి తట్టిన పేరు తప్పు కావాలని అతను నిజంగానే దేవుణ్ణి వేడుకున్నాడు.

పన్నెండూ నలభైకి అన్నపూర్ణేశ్వరి వచ్చింది. చేతిలో క్యారేజీ ఉంది. "కోర్టులో అన్నం పెట్టనిస్తారా బాబాయిగారూ? వాడికి పప్పుచారంటే ఇష్టం. రెండ్రోజులుగా ఏం తిన్నాడో ఏమో. ఏమైనా తెలిసిందా?"

సుభద్ర ఆపుకోలేకపోయింది. "తెలిసిందమ్మాయ్! మీ తమ్ముడు దొంగ కాదు. పోయింది చిన్న నాణెం. ఇలాంటిదే, కంప్యూటర్ బొమ్మది, ఏడు మూలలు. అది ఎవరి దగ్గరుంటే వాడే..."

అన్నపూర్ణేశ్వరి మొహం వెలిగిపోయింది. "అదా! అది మా ఇంట్లోనే ఉందండీ! దేవుడి మందసంలో పెట్టాను. శనివారం సాయంత్రం మా ఆయన తెచ్చిచ్చారు. 'శేషగిరి సారుకు జమ్మి ఇచ్చిన, ఆశీర్వాదంగ ఇచ్చిండు, దేవుని కాడ పెట్టు' అన్నారు. ఏటా రిడ్జి అడవిలోంచి జమ్మి కోసుకొస్తారు కదా, పెద్దవాళ్ళందరికీ..."

సుభద్ర రెండు చేతులతో నోరు మూసుకుంది. సదాశివరావు అరచేతిలో ఎండిన రెమ్మ ఇంకా ఉంది. అన్నపూర్ణేశ్వరి ఆ రెమ్మని చూసింది. తర్వాత బీరువా మూలని చూసింది. క్యారేజీని మెల్లగా నేల మీద పెట్టింది, చప్పుడు కాకుండా, ఎవరో నిద్రపోతున్నట్టు.

"ఎన్ని గంటలకి వచ్చాడమ్మా ఇంటికి?"

"అయిదింటికి. డ్యూటీ అయ్యాక ఇటొచ్చి వెళ్ళానన్నారు. పోలీసులకి మాత్రం, ఆరింటిదాకా స్టోరులోనే ఉన్నానని చెప్పారు. ఎందుకలా అన్నారు అంటే, గోల మనకెందుకు అన్నారు." ఆమె గొంతు ఎక్కడా వణకలేదు, అదే భయంగా ఉంది. "స్టోరులో పాత కంప్యూటర్లుంటాయండీ. ఒకటి శరత్ చేత ఎవరికో ఇప్పించానన్నారు. ఎవరికని నేనడగలేదు."

"శరత్‌కి తెలుసు," అన్నాడు సదాశివరావు.

"తెలుసు. నిన్న లాకప్‌లో వాడు నా వైపు చూడలేదు. నా మీద కోపమేమో అనుకున్నాను." ఆమె గోడకి ఆనుకుంది. "నాకోసమేనా బాబాయిగారూ వాడు నోరు విప్పనిది? నేను ముత్తయిదువుగా ఉండాలనా?"

సుభద్ర ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"మీరు చెప్పండి. నేనేం చెయ్యాలి? వాణ్ణి నా చేతుల్తో పెంచాను. ఈయన చేత తాళి కట్టించుకున్నాను."

ఇరవై ఏళ్ళుగా పొద్దుటా సాయంత్రం గీత చదువుకునే మనిషి సదాశివరావు. ఒక్క శ్లోకం కూడా నోటికి రాలేదు. "నేను చెప్పలేనమ్మా. నా చేతిలో ఉన్నది ఎండిన రెమ్మ. దీన్ని చూసి ఎవరూ శరత్‌ని వదలరు. ఆ నాణెం వస్తే వదులుతారు. నీ మాట లేకుండా నాణెం రాదు."

"సత్తయ్యగారు ఇప్పుడు ఎక్కడున్నారు?" అని సుభద్ర అడిగింది.

"డ్యూటీలో." ఆమె చీర కుచ్చెళ్ళు సర్దుకుంది. "ఒకటీ పావుకి ఇంటికి చేరతాను. రెండింటికి కోర్టులో ఉంటాను. ఆ క్యారేజీ మీరు తీసుకురండి."

"నేనూ వస్తాను."

"వద్దు బాబాయిగారూ. మా దేవుడి మందసంలోంచి నేనే తియ్యాలి."

ఆమెని ఆటో ఎక్కించాడు. అలా ఒంటరిగా పంపినందుకు ఎన్నాళ్ళు బాధపడతాడో అప్పటికి అతనికి తెలియదు.

రెండూ అయిదు. ఇండియా గేటు దగ్గరి కోర్టులో మూడో నంబరు గది కిక్కిరిసి ఉంది. సదాశివరావు రెమ్మ సంగతీ నాణెం సంగతీ మల్లికార్జునకి ముందే చెప్పి, క్యారేజీ పట్టుకుని వెనక వరసలో నిలబడ్డాడు. శరత్ ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య ఉన్నాడు. గడ్డం పెరిగింది, చొక్కా గుండీ ఒకటి ఊడింది. మల్లికార్జున గడియారం చూసుకుని సదాశివరావు వైపు కనుబొమలెగరేశాడు. ఇంకో పది నిమిషాలని సదాశివరావు సైగ చేశాడు. ఇన్‌స్పెక్టర్ నిజంగానే గుమాస్తా దగ్గరికెళ్ళి, కేసుని రెండు కేసుల వెనక్కి జరిపించాడు.

రెండూ ఇరవై రెండుకి అన్నపూర్ణేశ్వరి వచ్చింది. పక్కన సత్తయ్య ఉన్నాడు. ఇస్త్రీ చేసిన యూనిఫారంలో, పొడుగ్గా, నెమ్మదైన మనిషి. ఆమె మోచేతిని పట్టుకుని జనంలోంచి జాగ్రత్తగా దారి చేస్తూ తీసుకొచ్చాడు.

మల్లికార్జున అటు నడిచాడు. "దీదీ, అంకుల్ చెప్పారు, మీ దగ్గర కాయిన్ ఉందట. తెచ్చారా?"

ఆమె శరత్ వైపు చూసింది. శరత్ తల అడ్డంగా ఊపాడు, చాలా కొద్దిగా.

"లేదండీ. మా ఇంట్లో అలాంటిదేం లేదు. నేనే ఏదో పొరబాటు పడ్డాను."

మల్లికార్జున కాసేపు ఆమెనే చూశాడు, తర్వాత సదాశివరావుని చూశాడు. ఈసారి ఆ చూపులో వెటకారం లేదు. "నేను ఆగాను అంకుల్. ఇంతకంటే ఆగలేను."

"సత్తయ్యని ఒక్కసారి అడుగు. శనివారం మూడున్నరకి..."

"ఏం చూపించి అడగను? యూనిఫారంలో ఉన్నవాణ్ణి, ఎండిపోయిన ఆకు చూపించి అడగనా?"

కేసు పిలిచారు. నాలుగు నిమిషాల్లో అయిపోయింది. పద్నాలుగు రోజులు, తిహార్. శరత్ మెట్లు దిగేటప్పుడు సదాశివరావు క్యారేజీ చాచాడు. కానిస్టేబుల్ వద్దన్నాడు.

బయట స్కూటర్ స్టాండు దగ్గర సత్తయ్యే అతని దగ్గరికొచ్చి వంగి కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

"మా శరత్ కోసం మస్తు కష్టపడ్డరు సార్. ఇగ చాలు. పోరనితోటి శనివారమే మాట్లాడిన. 'నువ్వేం ఫికర్ చెయ్యకు, నువ్వు గమ్మునున్నన్ని దినాలు మీ అక్కను మంచిగ జూసుకుంట' అని చెప్పిన."

చెప్పి, చిరునవ్వుతో స్కూటర్ వైపు తిరిగాడు. శరత్ మౌనం అక్క మాంగల్యం కోసమని ఇంతసేపూ సదాశివరావు అనుకున్నాడు. కాదు, అక్క ప్రాణం కోసం.

సత్తయ్య వంగి కిక్కు కొడుతున్న చప్పుడులో అన్నపూర్ణేశ్వరి సదాశివరావు పక్కగా నడిచింది. ఆగకుండా, అతని వైపు చూడకుండా అంది. "తీశాను బాబాయిగారూ. నా చేతిలో ఉండగానే వచ్చేశారు. వేళ్ళు విప్పి తీసేసుకున్నారు. ఇప్పుడు నాకు తెలుసని ఆయనకి తెలుసు."

"ఎక్కకమ్మా," అన్నాడు సదాశివరావు. "ఎక్కకు."

"ఎక్కకపోతే తిహార్లోకి కబురు పంపుతానన్నారు. లోపల ఆయన ఊరివాళ్ళు పనిచేస్తున్నారట."

ఆమె వెనక సీటు మీద పక్కకి తిరిగి కూర్చుంది. కొంగు చక్రంలో పడకుండా దగ్గరికి తీసుకుంది. స్కూటర్ గేటు దాటింది. సదాశివరావు క్యారేజీ అక్కడే వదిలేసి, మల్లికార్జున జీపు కోసం వెనక్కి పరిగెత్తాడు. జీపు లేదు. మళ్ళీ గేటు దగ్గరికొచ్చేసరికి స్కూటర్ మలుపు దగ్గర కనిపించింది.

అది ఇల్లున్న కంటోన్మెంటు వైపు తిరగలేదు. యమున వంతెన వైపు వెళ్ళింది.